హైదరాబాద్‌లో గే, ట్రాన్స్ మనవాళ్లు ధైర్యంగా వెళ్లగలిగే ఆసుపత్రి ఏది? నారాయణగూడ క్లినిక్ సంగతేంటి?

గోదారిగట్టు (కొత్త సభ్యుడు) | 2025 ఆగస్టు, శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఉద్యోగం మాదాపూర్‌లో. నేను గే. నాతోపాటు అద్దెకుండే అమ్మాయి ట్రాన్స్ (పుట్టినప్పుడు అబ్బాయి అని రాశారు), నన్ను అన్నయ్య అని పిలుస్తుంది. తను ఆర్నెల్లుగా మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని వేసుకుంటోంది, అదీ రోజుకు రెండు మూడు. వాళ్ల హిజ్రా గురువు దగ్గర చేలాలంతా (శిష్యులంతా) అవే వేసుకుంటారట. డాక్టర్ దగ్గరికి వెళ్దాం రమ్మంటే "నీకేంలే అన్నయ్యా, నిన్ను చూసి ఎవరూ నవ్వరు" అంటోంది. కాదని ఎలా అనను?

తనకు హార్మోన్ల గురించి చెప్పే డాక్టర్ కావాలి. నేనూ పరీక్షలన్నీ చేయించుకోవాలి. నారాయణగూడలో ఒక క్లినిక్ ఉండేదని విన్నాను, అది ఉందా, ఎత్తేశారా? ఇంకోటి, నాలుగు రోజులుగా తనకు ఎడమ పిక్క నొప్పిగా ఉంది. ఆఫీసులో ఎక్కువసేపు కూర్చోవడం వల్లేనంటోంది.

సూదిమందు | రాత్రి 8:52

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. తమ్ముడూ, క్లినిక్ సంగతి తర్వాత. నొప్పి ఒక్క కాలికేనా? ఆ పిక్క రెండోదానికంటే లావుగా, ముట్టుకుంటే వేడిగా ఉందా? ఉంటే సోమవారం దాకా ఆగకండి. ఈ రాత్రే ఏదైనా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లి, ఏ మాత్రలు ఎన్ని వేసుకుంటోందో దాచకుండా చెప్పండి. ఆ మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే హార్మోన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. రోజుకు మూడంటే చెప్పక్కర్లేదు. సిగరెట్ కూడా ఉంటే మరీ ప్రమాదం. కాలిలో గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. ఆయాసం గానీ ఛాతీలో పోటు గానీ మొదలైతే వెంటనే 108కి ఫోన్ చేయండి. పిక్క మర్దన మాత్రం చేయొద్దు.

గోదారిగట్టు | రాత్రి 8:58

ఇప్పుడే చూశాం. లావుగానే ఉంది. బయల్దేరుతున్నాం.

పాతబస్తీ_పిల్ల | రాత్రి 9:15

పో తమ్మీ, పరేషాన్ కాకు. చీటీ రాసేకాడ మగనా ఆడనా అని లొల్లి పెడితే, ఏదో ఒకటి రాయించుకుని ముందు లోపలికి పోండి. పంచాయితీ తర్వాత పెట్టుకుందాం.

నారాయణగూడ సంగతి నేను చెప్తా. ఆ క్లినిక్ 2021 జనవరిలో మొదలైంది, పేరు మిత్ర్. ట్రాన్స్ మనుషులే నడిపే క్లినిక్ దేశంలో అదే మొదటిది. డబ్బులు అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్‌వి, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు చూసుకునేవాళ్లు. తర్వాత కళ్యాణ్‌లో, పుణెలో కూడా పెట్టారు. హెచ్ఐవీ పరీక్ష, సుఖవ్యాధుల మందులు, హార్మోన్ల సలహా, కౌన్సెలింగ్, కాగితాల సాయం, అన్నీ ఒకే కప్పు కింద దొరికేవి. జలుబు చేసినా పోయేవాళ్లం. అది నాకు చాలా పెద్ద సంగతి. మామూలు దవాఖానలో జలుబని పోయినా "ఆపరేషన్ అయ్యిందా?" అనే అడుగుతారు.

2025 జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టి విదేశీ సాయమంతా ఆపేశాడు. ఆ దెబ్బకు మూడూ మూతపడ్డాయి. పైగా ఎలాన్ మస్క్ మన క్లినిక్‌ని చూపించి ఎక్స్‌లో వెటకారం చేశాడు. ఆ తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో 2025లోనే హైదరాబాద్‌ది సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. పోయే ముందు టైమింగ్స్ కనుక్కోండి.

సగటు_ఉద్యోగి | ఆదివారం, ఉదయం 7:30

తప్పుగా అనుకోకండి, నాకు ఎవరి మీదా కోపం లేదు. ఒక డౌట్. గాంధీ ఉంది, ఉస్మానియా ఉంది, మా నాన్నని తీసుకెళ్తే మేమూ పొద్దున్నుంచి లైన్లో నిలబడ్డాం, మమ్మల్నీ కసురుకున్నారు. అక్కడ పేదవాడు ఎవడైనా ఒకటే. అలాంటప్పుడు వేరే క్లినిక్ ఎందుకు? రేపు ఒక్కొక్కరూ మాకొకటి కావాలంటే? ఉన్న ఆసుపత్రినే బాగుచేయమని అడగడం న్యాయం కాదా?

సూదిమందు | ఉదయం 8:05

మీ ప్రశ్న మంచిదేనండీ, నేను కూడా ఒకప్పుడు ఇదే అడిగేదాన్ని. మందుల వరకూ మీరన్నది నిజం. ఐసీటీసీ అనే ప్రభుత్వ పరీక్షా కేంద్రాల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం. గాంధీ, ఉస్మానియా, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రుల్లో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలున్నాయి, మందులు జీవితాంతం ఉచితం. అందుకే అమెరికా డబ్బు ఆగినా ఆ మాత్రలు ఆగలేదు.

ఆగిపోయింది వేరే పని. ఒక మనిషి ఈ నెల మందుకు రాలేదనుకోండి. మా దగ్గర రిజిస్టర్లో గుర్తు పడుతుంది, ఫోన్ వెళ్తుంది. నంబరు మారిపోయి ఉంటుంది, లేదా గురువు ఇల్లు వదిలి బొంబాయి పోయి ఉంటుంది. మాకు అంతకుమించి తెలీదు. అదే ట్రాన్స్ సమాజంలోని మనిషైతే ఏ చేలా ఏ ఇంట్లో ఉందో, ఎవరితో గొడవపడి పోయిందో ఒక్క పూటలో కనుక్కుంటుంది. రోజూ మందు వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) గుర్తించలేనంత తగ్గి అలాగే నిలబడితే ఆ మనిషి నుంచి లైంగికంగా వైరస్ ఇంకొకరికి సోకదు. అంటే ఆ వెతికే పని వల్ల మేలు మీకూ నాకూ కూడా.

తారురోడ్డు | ఉదయం 8:40

లైన్లో నిలబడటం అందరికీ ఒకటే అన్నారు కదా. నేను ట్రాన్స్ మగవాణ్ని, పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు. గడ్డం ఉంది. గైనకాలజీ ఓపీ లైన్లో నిలబడితే మొదట సెక్యూరిటీ గార్డు, తర్వాత ముందు నిలబడ్డ ఆడవాళ్లు, ఆ తర్వాత ఆయమ్మ "బాబూ, నీ భార్య ఎక్కడ?" అని అడుగుతారు. ఏం చెప్పాలి? ఆ ఒక్క ప్రశ్న భయానికి కడుపునొప్పిని ఏళ్ల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చే తమ్ముళ్లు నాకు తెలుసు. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు జిమ్ కోచ్ దగ్గర కొని తామే పొడుచుకునేవాళ్లు కూడా ఉన్నారు. అది వాడేవాళ్లకు రక్తం చిక్కబడుతుంది, హెమటోక్రిట్ పరీక్ష తప్పనిసరి. ఆ మాట చెప్పే మనిషి కావాలిగా ముందు.

గోదారిగట్టు | ఉదయం 10:20

రాత్రంతా ఆసుపత్రిలోనే ఉన్నాం. డాప్లర్ స్కాన్ (రక్తనాళాల స్కాన్) తీశారు. పిక్కలో గడ్డ ఉందన్నారు, ఇంకా పైకి పాకలేదట. రక్తం పలచబరిచే మందు మొదలుపెట్టారు, మూడు నెలలైనా వాడాలన్నారు. ఆ మాత్రలు పూర్తిగా ఆపేయమన్నారు. సూదిమందు అక్కా, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీడం లేదు.

ఆసుపత్రి పేరు రాయను. డ్యూటీ డాక్టర్ చాలా మంచావిడ. కానీ చీటీ దగ్గర ఆధార్‌లోని పాత పేరు నలుగురిలో గట్టిగా పిలిచారు. తర్వాత ఏ వార్డులో పడుకోబెట్టాలో తేల్చడానికి గంటన్నర. మగవాళ్ల వార్డులో వేస్తామన్నారు, తను రానంది. ఆడవాళ్ల వార్డులో ఒప్పుకోలేదు. చివరికి వరండాలో స్ట్రెచర్ మీదే ఉంచారు. తెల్లారేదాకా చున్నీ మొహం మీద కప్పుకునే ఉంది. డాక్టర్ వచ్చి పలకరిస్తే మాత్రం తీసి మాట్లాడింది.

పాతబస్తీ_పిల్ల | ఉదయం 10:31

బతికింది, అది చాలు ముందు. సగటు_ఉద్యోగి అన్నా, వేరే క్లినిక్ ఎందుకన్నవు కదా, ఆ వరండా చూడు.

సగటు_ఉద్యోగి | ఉదయం 11:10

చూశానమ్మా. అయినా నా మాట మీదే ఉన్నాను. ఆ రాత్రి ఆ పిల్లకు కావాల్సింది డాప్లర్ స్కాన్. అది నారాయణగూడ క్లినిక్‌లో ఉండదు, పెద్దాసుపత్రిలోనే ఉంటుంది. వార్డు గొడవ తీర్చాల్సింది అక్కడే.

సూదిమందు | ఉదయం 11:24

అది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ మాత్రలు ఆరు నెలల కిందటే మాన్పించే పని చిన్న క్లినిక్‌ది. మాన్పించడమే కాదు, హార్మోన్ కావాలంటే ముందు ఏ పరీక్షలు చేయాలో, ఏ రూపంలో ఎంత మోతాదులో తీసుకోవాలో చెప్పాలి. ఈస్ట్రడయాల్‌ని (ఆడ హార్మోన్‌ని) చర్మం మీద రాసే జెల్‌గా, ప్యాచ్‌గా ఇస్తే గడ్డల ముప్పు తక్కువ. మగ హార్మోన్‌ని అణిచే స్పైరనోలాక్టోన్ వాడితే పొటాషియం చూస్తుండాలి. గోదారిగట్టు, మీ చెల్లికి ఇకపై హార్మోన్ ఇవ్వాలా వద్దా అన్నది రక్తం మందు రాసే డాక్టరూ ఎండోక్రైనాలజిస్టూ (హార్మోన్ల డాక్టరూ) కలిసి తేల్చాలి. తను మళ్లీ షాపుకి పోకుండా మాత్రం చూసుకోండి. పూర్తిగా మానేయమంటే వినరు, అది కూడా చూస్తుంటాం. దారి చూపిస్తేనే వింటారు.

మీ పరీక్షల సంగతి: హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ, సీ చేయించుకోండి. హెపటైటిస్ బీ టీకా పడకపోతే సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన మూడు డోసులు. ప్రెప్ మాత్ర (హెచ్ఐవీ సోకకుండా ముందే వేసుకునేది) ఆలోచనుంటే ముందు హెచ్ఐవీ లేదని తేలాలి, కిడ్నీకి క్రియాటినిన్ చూడాలి, హెపటైటిస్ బీ కూడా చూడాలి. అది ఉండి ఈ మాత్ర హఠాత్తుగా ఆపితే లివర్ దెబ్బతింటుంది. ఎప్పుడైనా పొరపాటు జరిగితే 72 గంటల్లోపు పెప్ (హెచ్ఐవీ సోకకుండా ఆ తర్వాత వేసుకునే మందు) మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా వెళ్తే అంత మంచిది. అనుమానాలుంటే 1097కి ఫోన్ చేయొచ్చు, ఉచితం.

నల్లకోటు | మధ్యాహ్నం 12:15

ఆ వరండా సంగతి మర్యాద లోపం మాత్రమే కాదండీ, చట్ట ఉల్లంఘన. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 3వ సెక్షన్ వైద్యం నిరాకరించడాన్ని, అందులో వివక్ష చూపడాన్ని నిషేధిస్తుంది. 11వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరుండాలి. ఆసుపత్రి సూపరింటెండెంట్‌ని "మీ దగ్గర ఆ అధికారి ఎవరు?" అని కాగితం మీద అడగండి. సమాధానం రాకపోతే అదే మీ మొదటి ఆధారం.

చీటీ మీద పాత పేరు సమస్యకు కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం ఉంది. నేషనల్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాలి. 2020 నిబంధనల ప్రకారం మొదటి పత్రానికి వైద్య పరీక్ష అక్కర్లేదు, అఫిడవిట్ చాలు; అప్లై చేసే ముందు ఇప్పటి నిబంధన కనుక్కోండి. దాంతో ఆధార్ మార్చుకోవచ్చు. ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్ వ్యక్తులకు ఏడాదికి 5 లక్షల బీమా అని 2022లో కేంద్రం ప్రకటించిన పథకానికి కూడా ఈ పత్రమే ఆధారం.

కానీ గోదారిగట్టు, ఈ చట్టం మీ చెల్లికి పనికొస్తుంది, మీకు కాదు. గే, లెస్బియన్, బైసెక్సువల్ వాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377వ సెక్షన్ విషయంలో మిమ్మల్ని నేరం నుంచి బయటపడేసింది, అంతే. మీకు చేతిలో ఉన్నవి రెండు. 2017 హెచ్ఐవీ చట్టం: మీ ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం: ఆ వైద్యంలో లైంగికత కారణంగా వివక్ష చూపకూడదు.

మధ్యాహ్నంచాయ్ | మధ్యాహ్నం 1:40

ట్రాన్స్ అక్కాచెల్లెళ్ల కష్టం ముందు మాది చిన్నదే అనిపిస్తుంది గానీ చెప్తాను. నేను లెస్బియన్‌ని. గైనకాలజిస్ట్ మొదటి ప్రశ్న "పెళ్లయిందా?" కాలేదంటే పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష) మాటే ఎత్తరు. అయ్యిందని అబద్ధం చెబితే రెండో ప్రశ్న పిల్లల గురించి. మా ఇద్దరిలో ఒకరికి ఆపరేషన్ అవసరమైతే సంతకం ఎవరు పెట్టాలన్నది అన్నిటికంటే పెద్ద టెన్షన్. తన ఇంటివాళ్లు మాట్లాడరు, నేనేమో "ఫ్రెండ్‌ని".

నల్లకోటు | మధ్యాహ్నం 2:05

2023 అక్టోబర్ 17న స్వలింగ జంటల పెళ్లి మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత కేంద్రం ఒక కమిటీ వేసింది. 2024 ఆగస్టులో ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాస్తూ, దగ్గరి బంధువులు లేనప్పుడు మృతదేహాన్ని భాగస్వామికి ఇవ్వాలని కూడా అందులో పెట్టింది. బతికుండగా సంతకానికి మాత్రం ఇంకా స్పష్టమైన దారి లేదు. ప్రస్తుతానికి ఇద్దరూ ముందస్తు వైద్య నిర్దేశం రాసుకోండి. 2023లో సుప్రీంకోర్టు దాన్ని తేలిక చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం. కోలుకునే ఆశ లేని స్థితిలో చికిత్స గురించి ఎవరు మాట్లాడాలో అందులో పేరు రాయొచ్చు. మానసిక వైద్యం వరకు అయితే తెల్లకాగితం మీద మీకు నచ్చిన పెద్దవాళ్లను ప్రతినిధిగా రాసుకునే హక్కు ఉంది, రక్తసంబంధం అక్కర్లేదు.

వైజాగ్_అమ్మ | సాయంత్రం 4:30

నేను ఒక ట్రాన్స్ అబ్బాయి తల్లిని. వైజాగ్‌లో ఉంటాం. వాడు పదోతరగతిలో ఉన్నప్పుడు ఒక సైకియాట్రిస్ట్ "నయం చేస్తాను" అని వారం వారం డబ్బు తీసుకున్నాడు. ఆ మందులకు వాడు క్లాసులోనే నిద్రపోయేవాడు. తర్వాత వేరే డాక్టర్ గారు మందులన్నీ ఆపించి "మీ అబ్బాయికి జబ్బు లేదమ్మా, మీకు భయం ఉంది, రండి మాట్లాడుకుందాం" అన్నారు. ఇంకెవరైనా తల్లిదండ్రులు చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను. మారుస్తాం అనే డాక్టర్ కనిపిస్తే లేచి వచ్చేయండి. మద్రాస్ హైకోర్టు చెప్పాక 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ దాన్ని వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది, ఫిర్యాదు చేయొచ్చు. రాత్రిపూట పిల్లల మాటల్లో తేడా కనిపిస్తే టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

నిర్వాహకులు | సాయంత్రం 5:00

ఒక కామెంట్ తీసేశాం. సగటు_ఉద్యోగి గారి ప్రశ్నలు ఉంచుతున్నాం, ఆయన మర్యాదగానే అడుగుతున్నారు. ఆసుపత్రుల మీద ఫిర్యాదులు రాసేటప్పుడు పేర్లు పెట్టొద్దు, సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.

సగటు_ఉద్యోగి | రాత్రి 9:10

ఇంకో మాట అడుగుతాను. ఆ క్లినిక్ అమెరికా వాడి సంతకంతో మూతపడింది. ఇప్పుడు టాటా ట్రస్ట్స్ ఇస్తోంది. రేపు వాళ్లూ ఆపితే? జనం పన్ను డబ్బుతో మన ప్రభుత్వమే నడపాలని ఎందుకు అడగరు?

పాతబస్తీ_పిల్ల | రాత్రి 9:35

గిప్పుడు లైన్లోకొచ్చినవ్ అన్నా! అడుగుతున్నం. అడిగి అడిగి గొంతు పోయింది. కానీ ఒక భయం ఉంది. సర్కారు తీసుకుంటే బోర్డు ఉంటది, మనుషులు మారిపోతరు. కౌన్సెలర్ కుర్చీల ట్రాన్స్ మనిషి కాకుండా డిప్యుటేషన్ మీద ఎవరో వస్తరు. ఆ రోజు నుంచి మనోళ్లు పోవుడు బంద్.

అట్లని సర్కారు దవాఖానల మనోళ్లకు జాగా లేదని కాదు. 2022 నవంబర్‌లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఏఆర్‌టీ సెంటర్ల చేరిండ్రు. రాష్ట్రంలో సర్కారు కొలువు చేసిన మొదటి ట్రాన్స్ డాక్టర్లు వాళ్లే. తర్వాత రూత్‌కి పీజీ సీటొస్తే ఫీజుకి తోటి డాక్టర్లే చందాలేసుకున్నరు. ఆ గదిలోకి పోయి కూర్చుంటే ఎట్లుంటదో మాటల్ల చెప్పలేను.

నల్లకోటు | రాత్రి 10:00

ప్రభుత్వం వైపు నుంచి ఇప్పటికే ఒక హామీ ఉంది. 2024 డిసెంబర్‌లో రాష్ట్రంలోని 33 జిల్లాలకూ మైత్రి ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌లు ప్రారంభిస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. కాబట్టి కొత్తగా అడగాల్సిన పని లేదు, ఇచ్చిన మాటకు లెక్క అడిగితే చాలు. సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. ప్రతి మైత్రి క్లినిక్‌లో డాక్టర్ ఎవరు, వారంలో ఎన్ని రోజులు కూర్చుంటారు, హార్మోన్ మందులు స్టాకులో ఉన్నాయా, సిబ్బందిలో ట్రాన్స్ వ్యక్తులు ఎందరు, శిక్షణ ఎవరిచ్చారు. ఈ ఐదు ప్రశ్నలు చాలు. ప్రతి జిల్లా నుంచి ఒక్కరు వేస్తే 33 జవాబులు చేతికొస్తాయి.

కోర్టులు పనిచేయవని కొట్టిపారేయకండి. 1919 నాటి తెలంగాణ యూనక్స్ చట్టం ఏం చెప్పేదో తెలుసా? హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాసిపెట్టమనేది, వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చనేది. వైజయంతి వసంత మొగ్లి, ఇంకొందరు కలిసి వేసిన పిటిషన్ మీద 2023 జులైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే తీర్పులో ట్రాన్స్ వ్యక్తులకు ఆసరా పింఛను ఇవ్వమంది. నిజాం కాలపు చట్టం పోవడానికి ముగ్గురు పిటిషనర్లు సరిపోయారు.

తారురోడ్డు | రాత్రి 10:25

కరీంనగర్ నాది. నేను వేస్తా.

మధ్యాహ్నంచాయ్ | రాత్రి 10:28

రంగారెడ్డి నేను. నల్లకోటు గారూ, ఆరో ప్రశ్న కూడా పెట్టండి. ఆ క్లినిక్‌లో ట్రాన్స్ కాని మావాళ్లను చూస్తారా లేదా?

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 9:45

చెల్లిని ఆడవాళ్ల వార్డులో చివరి మంచానికి మార్చారు. ఆ డ్యూటీ డాక్టరే పట్టుబట్టారట. పక్క మంచం పెద్దావిడ మొదట మొహం తిప్పుకుంది, ఇప్పుడు తన ఇడ్లీలో సగం పెడుతోంది. చెల్లి ఈ చర్చంతా చదివింది. హైదరాబాద్ జిల్లా దరఖాస్తు తన పేరు మీదే వేస్తానంటోంది. పాత పేరుతో వేయాలా, కొత్త పేరుతోనా?

నల్లకోటు | ఉదయం 10:10

కొత్త పేరుతోనే వేయొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు గుర్తింపు కార్డు జత చేయాలని చట్టంలో లేదు. జవాబు చేరే చిరునామా మాత్రం సరిగ్గా ఇవ్వమనండి.

పాతబస్తీ_పిల్ల | ఉదయం 10:40

ఇంకోటి రాయండి వకీలు సాబ్. ఓపీ టైమ్ ఎంత అని. పొద్దున తొమ్మిదికి తెరిచి ఒంటిగంటకు మూసేస్తే లాభం లేదు. బధాయికి (పెళ్లిళ్లకు, పిల్లలు పుట్టిన ఇళ్లకు దీవించి డబ్బులడగనీకి) పోయేటోళ్లు పొద్దున్నే పోతరు, రాత్రి పనికి పోయేటోళ్లు ఆ టైమ్‌ల పండుకుంటరు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా డాక్టర్ కూర్చుంటడా లేదా, ఔనో కాదో రాసి ఇవ్వమనండి.